నిరుటి కుండ

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు పరాంకుశంగారికి లేదు. పొద్దున వైద్యం చూసేవారు, సాయంత్రం శిష్యులకు భాగవతం చెప్పేవారు. రెండింటికీ తొందర పనికిరాదనేవారు.

శిష్యురాలు వకుళమ్మ ఆ రోజు కడుపులో నిప్పు పెట్టుకుని వచ్చింది. ఆమె తల్లి పోయి నెల కావస్తోంది. పోయేముందు ఆ తల్లి కొడుకు పేరే కలవరించింది. కబురందినా అన్న శఠగోపం వరికోతలు ముగించుకుని గాని కదల్లేదు; వచ్చేసరికి ఆమె కన్నుమూసింది. మర్నాడు అతని ఇంట్లో మాసికం. బంధువులంతా కూర్చున్న పంక్తిలో, విస్తళ్ళ ముందే ఆ మాట అనేసి రావాలని వకుళమ్మ పట్టుదల.

"ఉన్నమాట అనడానికి కూడా ముహూర్తం చూడాలా, స్వామీ?" అని అడిగింది.

గురువుగారు వినీ విననట్టు గుమ్మం వైపు చూశారు. "కూర్మయ్య వచ్చాడు. ద్రాక్షారిష్టం పోసివ్వు, తల్లీ."

ఎండుద్రాక్ష కషాయంలో బెల్లం, ధాతకీపూలు వేసి పులియబెట్టి, కుండకు గుడ్డకట్టి మన్ను మెత్తి, మాగేందుకు వడ్లలో పాతడం ఆ ఇంటి వాడుక. గాదెలో అలాంటివి రెండున్నాయి. ఒకటి నిరుటిది. రెండోది మొన్న మొన్ననే పొంగు చల్లారింది. చేతికి దగ్గరగా ఉంది గనక వకుళమ్మ కొత్తదాని మన్నే పగలగొట్టి ఉగ్గుగిన్నె నిండా పోసింది.

పడవ నడిపే ముసలి కూర్మయ్య, జ్వరంపడి లేచినవాడు, ఒక్క గుక్క మింగి గొంతు పట్టుకున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారాయి. "మందిచ్చారా అమ్మాయిగారూ, కొరివి మింగించారా?"

గురువుగారే లేచి నిరుటి కుండలోది తెచ్చి ఇచ్చారు. కూర్మయ్య ముందు అనుమానంగా పెదవి తడుపుకున్నాడు. తర్వాత నాలుక మీద నిలుపుకుని నిమ్మళంగా తాగాడు. ఖాళీ గిన్నె చాచి, "ఇంకో గుక్క పొయ్యండి స్వామీ, మా ఆడదానికి చెప్పనులెండి" అన్నాడు.

వకుళమ్మకు చిన్నతనమైంది. "రెండింటికీ సరుకు నేనే దంచాను. తేడా రావడానికి వీల్లేదు."

"తేడా ఏం లేదు" అన్నారు గురువుగారు. "అదీ అసలు సరుకే. కల్తీ లేదు."

ఆమె కొత్త కుండ ముందు కూర్చుని పగిలిన మన్నుపెళ్ళలు ఏరసాగింది. "అయితే మా అన్నను ఎప్పటికీ ఏమీ అనొద్దంటారా?" అంది.

ఆయన తడిమన్ను ముద్ద ఆమె చేతిలో పెట్టారు.

"ఈ కుండలోది పారబొయ్యమన్నానా, తల్లీ? మళ్ళీ వడ్లలో పెట్టమంటున్నాను."