చుక్కకు వేట నేర్పిన ఇల్లు

గుండ్లమిట్ట ఊళ్ళో తెలివి ఎవరింట్లో ఎక్కువని అడిగితే, అడిగినవాడి మాట పూర్తికాకముందే చెయ్యెత్తే ఇల్లు ఉరుకుందమ్మది. వానాకాలంలో ఇల్లు కురిసి కుండ నిండితే, ఆ నీళ్ళను మళ్ళీ నిచ్చెనెక్కి కప్పు మీదే పోసేవాళ్ళు. ఎక్కడివి అక్కడ చేర్చడమే కదా పద్ధతి! పడుకునేటప్పుడు చెవుల్లోంచి తెలివి కారిపోకుండా ఇద్దరు కొడుకుల తలలకూ ఉరుకుందమ్మ తుండుగుడ్డలు బిగించి కట్టేది. ముప్పై ఏళ్ళుగా కడుతున్నా ఒక్క చుక్క కూడా కారలేదని ఆమెకు మహా గర్వం. లోపల ఉంటే కదా కారడానికి, అని ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్ళు.

పెద్దకొడుకు ఈరన్న, అతని పెళ్ళాం నాగులమ్మ, చిన్నకొడుకు మద్దిలేటి. ఈ నలుగురి ఇంటికి అయిదో ప్రాణంగా ఒక కుక్కపిల్ల వచ్చింది. ఒళ్ళంతా నలుపు, నుదుటి మీద తెల్లటి బొట్టు. దాన్ని చుక్క అన్నారు.

అది సుంకన్న తాత వేటకుక్కకు పుట్టిన పిల్ల. మిట్ట మీద రేగుపొదల్లో పూరేడుపిట్టలు పట్టడంలో సుంకన్న అంతటివాడు చుట్టుపక్కల లేడు. మద్దిలేటికి ఆ పిల్లను చూసినప్పటి నుంచీ ముద్ద దిగలేదు. రోజూ వెళ్ళి ముసలాయన వాకిట్లో కూర్చునేవాడు. చివరికి సుంకన్నే దిగొచ్చాడు.

"తీస్కపోరా. గానీ ఇది వాకిలి కాసే జాతి గాదు, వేటజాతి. వచ్చే అమాసకి నీ ఇంటి నుంచి ఒక పూరేడుపిట్ట ఈక కూడా నలగకుండా, పానంతో, నా సేతిలోకి రావల్ల. వస్తే పిల్ల నీది. రాకుంటే నాది నేను తోలుకపోతా."

"ఎట్ల నేర్పల్ల తాతా?"

"కుక్క సెప్తే నేర్సుకోదు, సూసి నేర్సుకుంటాది. కూడు పెట్టేటప్పుడు పళ్ళెం వాయించు, సప్పుడుకు బెదరదు. నోట్లో గుడ్డు పెట్టి పగలకుండా మొయ్యడం నేర్పు, పిట్టను గూడా అట్లనే మోస్తాది. అది తోక నిగిడించి కదలకుండా నిలబడిందంటే ముందర ఏదో ఉన్నట్లు. అది కదిలేదాకా ఎవరూ కదలగూడదు. పిట్టను తెచ్చినదానికి ఆడనే బెల్లం పెట్టి, ఈపు నిమిరి, మెడకు తాడేసి ఇంటికి తోలుకపోవల్ల. అంతే."

అంతే! మద్దిలేటి ఆ మాటలు మర్చిపోకుండా దారంతా పాటలా పాడుకుంటూ వచ్చాడు. ఎదురైనవాళ్ళు ఏమిటని అడిగితే జవాబు చెప్పలేదు. వేరే మాటకు నోరు తెరిస్తే పాఠం కింద పడిపోదూ!

"కుక్క సూసి నేర్సుకుంటాదంట అమ్మా," అన్నాడు గడపలో అడుగుపెట్టగానే.

"ఓస్ అంతేనా! మనల్ని సూస్తే సాలు, దానికి ఏడుతరాల తెలివి వస్తాది," అంది ఉరుకుందమ్మ.

ఆ రోజు నుంచి చుక్క ముందు పళ్ళెం వాయించకుండా ఎవరూ ముద్ద నోట్లో పెట్టలేదు. ఈరన్న తింటే నాగులమ్మ వాయించేది, నాగులమ్మ తింటే మద్దిలేటి వాయించేవాడు. పళ్ళాలన్నీ సొట్టలు పడ్డాయి. చుక్క రెండు రోజుల్లో చప్పుడుకు అలవాటుపడి హాయిగా తోకాడించింది. చిక్కంతా మనవాళ్ళతోనే వచ్చింది. పదో రోజున దండోరా వేసేవాడు వీధిలోకొచ్చి తప్పెట కొట్టాడో లేదో, నలుగురికీ నోట్లో నీళ్ళూరాయి. ఇంకేముంది! పరుగున వెళ్ళి వీధి మధ్యన బాసింపట్టు వేసుకుని వరసగా కూర్చున్నారు.

"చెరువు కట్ట పనికి ఇంటికొకరు రావల్లహో!" అని అరిచాడు దండోరావాడు.

"అదంతా తర్వాత. ముందర కూడు పెట్టు నాయనా," అంది ఉరుకుందమ్మ.

అతను పారిపోయాడు. వీళ్ళు తప్పెట వెనకాలే మూడు వీధులు తిరిగారు. చుక్క మాత్రం ఇంటి అరుగు మీద కూర్చుని, వెళ్ళేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ తల వంచి చూసింది.

తర్వాత గుడ్డు పాఠం మొదలైంది. నోట్లో పెట్టిన మొదటి గుడ్డును చుక్క కరకరా నమిలి మింగేసింది. రెండోదీ అంతే. మూడోదానికి పెంకు కూడా మిగల్లేదు. మద్దిలేటి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. అమావాస్యకు ఇంకా పదిహేను రోజులే ఉన్నాయి.

"దాని తప్పేముందిరా? మనం మోసేది అది యాడ సూసింది?" అంది ఉరుకుందమ్మ.

అంతే, తలా ఒక కోడిగుడ్డు పళ్ళ మధ్య పెట్టుకుని వాకిట్లో గుండ్రంగా నడవడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే కూతుర్ని చూసిపోదామని నాగులమ్మ తండ్రి జొన్నగింజల మూటతో వచ్చాడు.

"ఏమమ్మా నాగులూ, బాగుండావా?"

"ఊఁ ఊఁ," అంది నాగులమ్మ.

"అల్లుడా, ఏమైంది?"

"ఊఁ ఊఁ ఊఁ," అన్నాడు అల్లుడు, నాలుగుకాళ్ళ మీద నడుస్తూ.

ఇంకేముంది, మూట అక్కడే పడేసి పోయి ముసలాయన భూతవైద్యుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. వైద్యుడు నలుగురినీ చూసి, "గట్టి దయ్యమే పట్టింది, చెంప మీద కొట్టి బయటికి తొయ్యల్ల," అన్నాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క చెంపదెబ్బ. టప్, టప్, టప్, టప్! తెల్లసొన, పచ్చసొన గడ్డాల వెంట కారింది. "అదో, దయ్యం బయటికొస్తాండాది!" అని వైద్యుడు కేకపెట్టాడు. దక్షిణగా కోడిపుంజును పట్టుకుని వెళ్ళాడు. చుక్క నలుగురి గడ్డాలూ శుభ్రంగా నాకిపెట్టింది.

కానీ చెంపదెబ్బలను అది కళ్ళారా చూసింది. మర్నాటి నుంచి నోట్లో పెట్టిన గుడ్డును పగలగొట్టడం మానేసింది. మెత్తగా పట్టుకుని, పోయి గడ్డిలో దాచిపెట్టేది. మనవాళ్ళు మాత్రం మరో నాలుగు రోజులు గుడ్లు మోస్తూనే ఉన్నారు. మొదలుపెట్టిన చదువు మధ్యలో మానకూడదు కదా!

ఇక నిలబడడం. అది ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఒక పొద్దున చుక్క గోడ మీది బల్లిని చూసి తోక నిగిడించి, ముందు కాలెత్తి, బొమ్మలా నిలబడింది. మద్దిలేటి ఒళ్ళు పులకరించింది. "నిల్సింది!" అన్నాడు. అంతే, ఎక్కడివాళ్ళు అక్కడ నిలిచిపోయారు. ఉరుకుందమ్మ జొన్నరొట్టె తిప్పబోతూ నిలిచింది. నాగులమ్మ బిందె ఎత్తుకోబోతూ వంగి నిలిచింది. కొట్టం మీదికి నిచ్చెనెక్కుతున్న ఈరన్న ఒక కాలు గాల్లో పెట్టి నిలిచాడు.

పక్కింటి బర్రె తాపీగా వచ్చి, ఈరన్న మామ తెచ్చిన, వాకిట్లో ఎండబోసిన జొన్నలన్నీ తిని, మీదనుంచి పేడ వేసి పోయింది. ఎవరూ హుష్ అనలేదు. పెనం మీద రొట్టె మాడి, మండి, నిప్పురవ్వ ఎగిరి కొట్టం కప్పు అంటుకుంది.

"ఓ ఈరన్నా! నీ కొట్టం కాలిపోతాండాది!" అని వీధిలో జనం కేకలు.

"సుక్క కదల్లేదు," అన్నాడు ఈరన్న పెదవులు కదపకుండా.

"నీ పంచె అంటుకుందిరా!"

"సుక్క కదల్లేదు."

జనమే కడవలతో నీళ్ళు తెచ్చి చల్లారు. ఆ నీళ్ళు మీద పడి చుక్క ఒళ్ళు విదిలించుకుంది. అప్పుడు నలుగురూ ఒక్కసారిగా, "మంట! మంట! నీళ్ళు తెండి!" అని వీధిలోకి పరుగెత్తారు. అప్పటికి ఆర్పడానికి మంటా లేదు, కొట్టమూ లేదు.

"పోతే పాయెలే. పాఠం నేర్సింది," అన్నాడు మద్దిలేటి, తడిసిన పిల్లను చంకనెత్తుకుని. దాని గుండె తన పక్కటెముకలకు టకటకా కొట్టుకుంటుంటే, దీన్ని ఎవరికీ ఇవ్వను అనుకున్నాడు. ఆ ఇంట్లో పుట్టిన ఆలోచనల్లో తిన్నగా ఉన్నది అదొక్కటే.

అమావాస్య వచ్చింది. సుంకన్న మిట్ట మీద ఒక గుండురాయి ఎక్కి కూర్చున్నాడు, పక్కన ఖాళీ తాడు పెట్టుకుని. ఆ తాడును చూసి మద్దిలేటి చుక్కను గట్టిగా హత్తుకున్నాడు.

చుక్కను వదిలారు. నేల వాసన చూస్తూ పోయి పోయి, రేగుపొద ముందు తోక నిగిడించి నిలిచింది. పొదలో పూరేడుపిట్ట! నలుగురూ నిలిచిపోయారు. చుక్క ఓరకంట వెనక్కి చూసింది. ఈ మనుషులు నిలబడితే ఇల్లు కాలినా కదలరని దానికి తెలుసు. చూసి నేర్చుకునే జాతి మరి! వీళ్ళు కదిలేదాకా అదీ కదలకూడదనుకుంది.

అది కదలదు, వీళ్ళు కదలరు. పొద్దు నడినెత్తికొచ్చింది, పడమటికి దిగింది. పూరేడుపిట్ట బయటికొచ్చి, ఈరన్న కాలిమీదెక్కి గింజ ఏరుకుని, వీళ్ళు మొద్దులేనని నమ్మకం కుదిరి, మళ్ళీ పొదలోకి పోయి కునుకు తీసింది. నమ్మకం తప్పేమీ కాదు.

"పొద్దు గూకుతాండాది మద్దిలేటీ," అన్నాడు సుంకన్న, తాడు చేతిలోకి తీసుకుంటూ.

మద్దిలేటి కళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి లేదు. సరిగ్గా అప్పుడు చుక్కకు విసుగొచ్చి, కూలబడి, నోరంతా తెరిచి ఆవలించింది.

కదిలింది! కుక్క సూసి నేర్సుకుంటాది, పిట్టను పట్టేది ఇది యాడ సూసింది, అని తట్టింది మద్దిలేటికి. ఇంకేముంది! నాలుగుకాళ్ళ మీద పడి, రేగుముళ్ళు గీసుకుంటున్నా లెక్కచెయ్యకుండా పొదలోకి దూరి, కునుకుతున్న పిట్టను పళ్ళతో పట్టుకున్నాడు. పట్టడం కూడా ఎలా పట్టాడు! కోడిగుడ్డును పట్టినట్టే. అలాగే పాక్కుంటూ వచ్చి సుంకన్న చేతిలో పెట్టాడు. ఒక్క ఈక నలగలేదు.

సుంకన్న పిట్టను చూశాడు, మద్దిలేటిని చూశాడు. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ నవ్వనంతగా నవ్వాడు. నవ్వుకు గుప్పిలి విడిపోయి పిట్ట తుర్రుమంది.

"నీ ఇంటి నుంచి రావల్లంటి, వచ్చింది. మాట మాటేరా. పిల్ల నీదే పో!"

మద్దిలేటి చుక్కను కావలించుకుని భోరుమని ఏడ్చాడు. ఆ సంతోషంలోనూ ఉరుకుందమ్మ పాఠం మరవలేదు. పిట్టను తెచ్చినదానికి ఏం చెయ్యాలి? కొడుకు నోట్లో బెల్లంముక్క పెట్టింది, వీపు నిమిరింది, సుంకన్న చేతిలోని తాడు తీసుకుని కొడుకు మెడకు వేసింది. రెండో కొసను చుక్క నోటితో పట్టుకుంది, మెత్తగా, పంటిగాటు పడకుండా. అలా ముందు చుక్క, వెనక మద్దిలేటి ఊళ్ళోకి వచ్చారు.

"ఇదేం తిరునాళ్ళమ్మా?" అంది పక్కింటావిడ.

"వేట నేర్పడమంటే ఇదీ! మా సుక్కకి ఎంత తెలివనుకుంటివి? నెల తిరక్కముందే మావాణ్ణి తయారుజేసింది," అంది ఉరుకుందమ్మ.

ఇంటికి రాగానే ఉరుకుందమ్మ మద్దిలేటి తుండుగుడ్డ తీసి, అంత తెలివి కారిపోకుండా చుక్క తలకు బిగించి కట్టింది. మద్దిలేటిని గుంజకు కట్టేసి, సొట్టల పళ్ళెం తీసి వాయించింది.

చుక్క లేచింది గానీ, దానికంటే ముందు మద్దిలేటే తాడు తెంపుకుని వచ్చాడు.