పట్టుపరుపు కింద కన్నం

అనగనగా పేము తీగలు ఏపుగా పెరిగే అడవి, ఆ అడవి అంచున ఒక రాజ్యం. అక్కడ పాత పేము కుర్చీలను బాగుచేయడంలో పైడమ్మను మించినవాళ్ళు లేరు.

తెగిన అల్లిక విప్పేది. కొత్త తీగను నీళ్ళలో నానబెట్టేది. తడి ఆరకముందే బిగించి అల్లేది. వేళ్ళు చీరుకుపోయేవి. అల్లిక పూర్తయ్యాక ఆమె మొగుడు గవరయ్య తలపాగా చుట్టుకుని, కుర్చీని బండెక్కించి తీసుకుపోయేవాడు. అది అక్కడి ఆచారం. అల్లే ఆడది పెరట్లో ఉండాలి, అప్పగించే మగవాడు పెద్దల ముందు నిలబడాలి.

మొదట మంత్రిగారి ఉయ్యాల బాగుపడింది. గవరయ్య శాలువాతో ఇంటికొచ్చాడు.

"నేనల్లానని చెప్పావా?"

"అక్కడంతా జనం, గోల. చెప్పినా వినపడదే."

తర్వాత షావుకారి తాతలనాటి పడక కుర్చీ. గవరయ్య ఈసారి వెండి కడియంతో వచ్చాడు.

"ఇప్పుడైనా చెప్పావా?"

"పిచ్చిదానా, నాకు దక్కితే నీకు దక్కినట్టే."

"అయితే ఈసారి వేళ్ళు నువ్వు చీరుకో. నాకు చీరుకున్నట్టే" అంది పైడమ్మ.

మూడోసారి రాజుగారి ముత్తాత కూర్చున్న పేము సింహాసనమే వచ్చింది. దానికొక కట్టుబాటు ఉంది: చివరి వరస కొలువులో, అందరి కళ్ళముందూ అల్లి ముడివేయాలి. పైడమ్మ మిగతాదంతా అల్లి, ఆ మాట గుర్తుచేసింది.

"ఒక్క వరసేగా. ఇన్నేళ్ళు చూశాను, నాకు రాదా?" అంటూ బండెక్కాడు గవరయ్య.

అతనికి వచ్చింది చూడటమే. కొలువులో మొదటి తీగ విరిగింది. రెండోది చీలింది. మూడోది చేయి జారి మంత్రిగారి ముక్కుకు తగిలింది.

"నాకు సాయంచేసే మనిషి ఇంటి దగ్గరుంది, పిలిపించండి" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

పైడమ్మ వచ్చింది. నేలమీద కూర్చుని, తీగ తడిపి, వరస దూర్చింది. ఇక ముడి ఒక్కటే మిగిలింది.

"ఈ పని నీకెలా వచ్చు?" అడిగాడు రాజు.

"మా అమ్మ నేర్పింది ప్రభూ. మంత్రిగారి ఉయ్యాల, షావుకారి కుర్చీ, ఇదీ, అన్నీ నేనే అల్లాను. ఈయనకు బండి తోలడం వచ్చు."

కొలువంతా నవ్వింది. రాజు మాత్రం మెచ్చుకోలుగా తలూపి, "ఆడదానితో ఇంత పని చేయిస్తున్నావంటే, గవరయ్యా, నువ్వెంత సమర్థుడివి" అని పట్టుశాలువా అతని భుజాన కప్పాడు. గవరయ్య వినయంగా చేతులు జోడించాడు.

పైడమ్మ తను అల్లిన చివరి వరసను లాగేసింది.

"ముడి ఆ సమర్థుడే వేస్తాడు లెండి" అని, తీగను చుట్టగా చుట్టి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

తడి ఆరింది. ముడిలేని అల్లిక ఒక్కో వరసా వదులై, నడిమధ్య కన్నం పడింది.

"ఆ పైడమ్మను గౌరవంగా పిలిచి అడిగితే సరి" అన్నాడు మంత్రి ముక్కు తడుముకుంటూ.

"కొలువులో ఆడదాని పేరు పలకడమా?" అన్నాడు రాజు.

పీచూ దూదీ కూరి, ఎత్తుగా పట్టుపరుపు కుట్టించి, కన్నం మీద కప్పారు. రాజు కూర్చున్నాడు. కుంగాడు. మోకాళ్ళు గడ్డానికి ఆనాయి. అయినా సభ జేజేలు పలికింది.

పైడమ్మకు ఆ రాజ్యంలో మళ్ళీ ఎవరూ పని ఇవ్వలేదు. గవరయ్య ఆమెను గడప తొక్కనివ్వలేదు. ఆమె అడవి అంచున గుడిసె వేసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తనకోసం ఒక కుర్చీ అల్లుకుంది. పలకరించే మనిషి లేకుండా దానిమీద కూర్చుంది. అది కుంగలేదు.

పనిచేసినదాని పేరు మింగేసినవాళ్ళు ఎంత మెత్తటి పరుపు వేసుకున్నా, కూర్చునేది కన్నం మీదే.