చిలుకల సాక్ష్యం

అనగనగా, మీ తాతలకు తాతలు కూడా ఇంకా ఉయ్యాల ఎక్కని రోజుల్లో, చిలకలేరు అని ఒక రాజ్యం ఉండేదిట. అక్కడ ఒక వింత ఆచారం. ఏ తగువొచ్చినా కొలువులో మనుషుల్ని కాదు, చిలుకల్ని సాక్ష్యం అడిగేవారు! మనిషైతే అబద్ధమాడతాడు, చిలుకకు అబద్ధమెక్కడిది అని వాళ్ళ నమ్మకం. అందుకే ఇంటింటి గుమ్మానికీ ఒక పంజరం వేలాడేది.

రాజుగారుండే ఊళ్ళో, ఏటి ఒడ్డున బుట్టలల్లే మల్లేసు, పడవ నడిపే పైడన్న ఒకే ఇంట్లో కాపురం ఉండేవారు. ఆలుమగలు ఎలా ఉంటారో అలాగే. పైడన్న రేవు నుంచి వచ్చేసరికి మల్లేసు వేడినీళ్ళు తోడి ఉంచేవాడు. మల్లేసు వేళ్ళకు వెదురు పేళ్ళు గుచ్చుకుంటే పైడన్న దీపం దగ్గర కూర్చుని ఓపిగ్గా తీసేవాడు. వాళ్ళ మానాన వాళ్ళు హాయిగా బతుకుతున్నారు.

ఒక ఏడాది వానలు ముఖం చాటేశాయి. సరిగ్గా అప్పుడే కనకయ్య అనే చిలుకల వ్యాపారి దగ్గుకుంటూ ఊళ్ళోకి దిగాడు. రామా కృష్ణా అనే చిలుకను ఎవరు కొంటారు? భయపెట్టే చిలుకైతే ఎగబడి కొంటారు! అది కనిపెట్టిన ఆ మహానుభావుడు తన చిలుకలన్నిటికీ ఒకే పాఠం నేర్పాడు.

"ఏటి ఒడ్డున ఇద్దరు మగవాళ్ళ కాపురం! అందుకే వానల్లేవు!"

ఇంకేముంది, ఇంటింటా ఆ చిలుకలే, ఊరు ఊరంతా అదే మాట. ముందు మల్లేసు బుట్టలు కొనడం మానేశారు. తర్వాత పైడన్న పడవ ఎక్కడం మానేశారు. ఎండలో పడి ఊరంతా చుట్టి వెళ్ళారే గాని, ఒక్కరూ రేవుకు రాలేదు. ఆపైన దండోరా పడింది.

"ఇద్దరూ రేపు కొలువుకు రావాలహో! చిలుకలు సాక్ష్యం చెబితే రాజ్యం విడిచి పోవాలహో!"

పైడన్న తెడ్డు పట్టుకుని లేచాడు. "ఒక్కొక్క చిలుక మెడా విరిచేస్తాను!"

"అన్నెం పున్నెం ఎరగని జీవాలు, వాటినేం చేస్తావు?" అన్నాడు మల్లేసు. "పోనీ, మనమే వెళ్ళిపోదాం. ఎక్కడైనా బతకలేమా?"

"ఎందుకు వెళ్ళాలి? మనమేం చేశాం?" అన్నాడు పైడన్న.

తెల్లవారింది. ధవళవర్మ మహారాజు కొలువు తీరాడు. మొదటి పంజరం తెచ్చారు.

"ఖళ్ ఖళ్! ఏటి ఒడ్డున ఇద్దరు మగవాళ్ళ కాపురం!" అంది చిలుక.

రెండో పంజరం తెచ్చారు. "ఖళ్ ఖళ్! ఏటి ఒడ్డున..."

మూడోదీ తెచ్చారు. "ఖళ్ ఖళ్!..."

అంతదాకా నేల చూపులు చూస్తున్న మల్లేసు చటుక్కున తలెత్తాడు.

"ప్రభూ, ఒక్క మనవి. ఇవి మూడిళ్ళ చిలుకలు కదా. మరి మూడింటికీ ఒకటే దగ్గు ఎలా పట్టుకుంది?"

పంజరాలతో జనంలో నిలబడ్డ కనకయ్య గబుక్కున నోరు మూసుకున్నాడు. మూసుకుంటే దగ్గు ఆగుతుందా! "ఖళ్ ఖళ్!"

కొలువంతా ఘొల్లుమంది. కనకయ్య పంజరాలు అక్కడే పారేసి పక్కదారిన పరారు.

"చూశారా ప్రభూ!" అన్నాడు మల్లేసు. "ఊరంతా మమ్మల్ని తిడుతోందని ఇన్నాళ్ళూ కుమిలిపోయాం. తిట్టింది ఒక్క గొంతు. మిగతావాళ్ళు ఏమీ చూడకుండానే ఆ మాటను ఊరంతా మోశారు."

చాలామంది తలలు వంచుకున్నారు. రాజుగారికీ సిగ్గేసింది.

"ఇక మీదట చిలుకల సాక్ష్యం చెల్లదు. మనిషే వచ్చి తన నోటితో చెప్పాలి," అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "మీరూ ఒక్క మాట చెప్పండి. మేం అన్నదమ్ముల్లాంటివాళ్ళం అనండి చాలు. గొడవ వదిలిపోతుంది, ఇంటికి పోదురు గాని," అన్నాడు.

ఒక్కటే మాట! అది అనేస్తే ఇల్లు దక్కుతుంది, ఏరు దక్కుతుంది, పడవ దక్కుతుంది. పైడన్న మల్లేసు వంక చూశాడు. మల్లేసు అందరూ చూస్తుండగానే పైడన్న చెయ్యి పట్టుకున్నాడు.

"అనలేను ప్రభూ. మేం అన్నదమ్ములం కాము. ఇతను నావాడు, నేను ఇతనివాణ్ణి. వాన మా చేతిలో ఉంటే మా పెరడైనా తడుపుకోమా? మేం చేసిందల్లా ఒకరినొకరు ప్రేమించుకోవడం. అందుకు నాకు సిగ్గు లేదు, గర్వముంది. అది నేరమంటే ఇప్పుడే పోతాం. అబద్ధమాడి మాత్రం ఉండం."

వరదలో కూడా తెడ్డు వదలని పైడన్న, నిండు కొలువులో భోరున ఏడ్చేశాడు.

రాజు సింహాసనం దిగి వచ్చాడు. "మనిషి సాక్ష్యం అంటే ఏమిటో ఇవాళ విన్నాను. మీ ఇల్లు మీదే, మీ కాపురం మీదే. మిమ్మల్ని ఎవరేమన్నా ముందు నాకు జవాబు చెప్పుకోవాలి," అన్నాడు.

ఇద్దరూ పట్టపగలు, రాజవీధిన, పట్టుకున్న చెయ్యి వదలకుండా ఇంటికి నడిచారు. కొందరు దండం పెట్టారు. కొందరు మొహం తిప్పుకున్నారు. తిప్పుకోనీ! ఒక అవ్వ మాత్రం ఎదురొచ్చి, "తప్పైపోయింది నాయనా, నాకో చేట అల్లిపెట్టవూ," అంది. "రేపు రా అవ్వా," అన్నాడు మల్లేసు నవ్వుతూ.

మరి వాన పడిందా అంటారా? పడింది, దాని వేళకు అది. వానకూ వాళ్ళకూ ఏం సంబంధం!

కాబట్టి పిల్లలూ, మన గురించి నలుగురూ నానా మాటలు అన్నప్పుడు తల దించుకోకూడదు. మన నిజాన్ని మన నోటితోనే, తలెత్తి చెప్పాలి.