నాలుక మీది చుట్టరికం

"తండ్రీ, మన భాషకు చుట్టాలెవరైనా ఉన్నారా?" అని యువ సన్యాసి అబానూబ్ తన గురువు పిసెంతి తండ్రిగారిని అడిగాడు. ఏదడిగినా కొన్నాళ్లు ఆగి చెప్పడం ఆయన అలవాటు.

ఈజిప్టు పడమటి ఎడారిలోని క్రైస్తవ మఠం అది. పిరమిడ్లు కట్టినవారి భాష వేల ఏళ్లుగా మారుతూ మారుతూ, కోప్తు అనే పేరుతో అక్కడి ప్రార్థనల్లో బతికి ఉంది. బయటంతా అరబ్బీ. అబానూబ్ రెండూ బాగా చదువుకున్నవాడు. అంత పాత భాషకు బంధువులుండరనీ, నైలు ఒడ్డున తనంతట తానే పుట్టిందనీ అతని నమ్మకం.

ఒక మధ్యాహ్నం మఠం వాకిట్లో ఒక బాటసారి కూలబడ్డాడు. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. భుజాన ఉబ్బిన తోలుసంచి ఉంది. "అమాన్... అమాన్..." అంటున్నాడు.

అరబ్బీలో అమాన్ అంటే అభయం. దొంగలు తరుముకొస్తున్నారనుకుని అబానూబ్ అతన్ని లోపలికి లాగి గడియ వేశాడు. మోకాలికి కట్టు కడుతూ, "భయపడకు, అన్నా, ఇక్కడ నిన్నెవరూ ఏమీ చెయ్యలేరు" అని అరబ్బీలో ధైర్యం చెప్పాడు. ఆ మనిషికి అరబ్బీ రాదు. అమాన్ అనడం మానలేదు. గొంతు పూడుకుపోతోంది, కళ్లు మూతపడుతున్నాయి. తోలుసంచిలో ఉన్నవి నీళ్లే అనుకున్న అబానూబ్‌కు దాహమన్న ఊహే రాలేదు.

చివరికి ఆ మనిషి ఉన్న ఓపికంతా కూడదీసుకుని నాలుక బయటపెట్టాడు. వేలితో దాన్ని తాకి, "ఇలెస్" అన్నాడు.

అబానూబ్ ఉలిక్కిపడ్డాడు. కోప్తులో నాలుకను లస్ అంటారు. ఆ నాలుక ఎండి పగిలిపోయి ఉంది. సంచి విప్పితే అన్నీ ఖర్జూరాలే. పరుగున వెళ్లి నీళ్లకుండ తెచ్చాడు.

"ఒక్కసారిగా పొయ్యకు" అంటూ తండ్రిగారు వచ్చి, అతని తల ఒళ్లో పెట్టుకుని, తడిగుడ్డతో చుక్కచుక్కగా పట్టారు.

సాయంత్రానికి అతను లేచి కూర్చున్నాడు. సీవా ఒయాసిస్సు నుంచి ఖర్జూరాలు అమ్మడానికి బయల్దేరి దారి తప్పానని సైగలతో, తన సీవా భాషలో చెప్పాడు. కుండ చూపించి "అమాన్" అని నవ్వాడు.

"అమాన్ అంటే నీళ్లా!" అన్నాడు అబానూబ్. నీళ్లను కోప్తులో మోఉ అంటారు, అరబ్బీలో మా. ఇక అతన్ని వదల్లేదు. సైగలు చేస్తూ ఒక్కో మాటా అడిగాడు. చాలా మాటలు ఎక్కడా కలవలేదు. చావు అన్న మాట మాత్రం మూడు భాషల్లోనూ దగ్గరదగ్గరగా వినబడింది. అబానూబ్ తండ్రిగారి వైపు తిరిగాడు.

"తండ్రీ, అన్నిటికన్నా పాతది మనదే కదా. ఇదే వీటికి తల్లా?"

"తోబుట్టువు. మనకు ముందుగా రాత వచ్చింది, అంతే."

"మరి తల్లి?"

"ఆమెను చూసినవాళ్లు లేరు" అన్నారు తండ్రిగారు, బాటసారి చేతికి చెంబు అందిస్తూ. "దాహమేస్తే ఏమనాలో మాత్రం పిల్లలకు చెప్పి పోయింది."