ఉప్పు వెయ్యని పప్పు

నంజుండయ్యగారిని ప్రశ్న అడిగితే జవాబు వెంటనే రాదు. ముందు చెప్పులు వేసుకుంటారు, తరవాత నడక మొదలుపెడతారు. అడిగినవాడు వెంట పోవాలి. నలభై ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన మనిషి. రిటైరై పదేళ్లైనా మా ఇద్దరికీ ఆయన అయ్యవారే. ఇద్దరంటే నేనూ, ఓబులేశూ. ఓబులేశు నాకన్నా తెలివైనవాడు. ఆ సంగతి మరిచిపోకుండా రోజూ వాడే నాకు చెబుతుండేవాడు.

"అయ్యవారూ, ఎన్నడూ చూడని మొక్క ఎదురుపడితే, అది అదేనని ఎట్లా తెలుస్తుంది?" అని వాడు అడిగింది చౌడు బీడులో, మేం దిగిన సోమవారం పొద్దున. అయ్యవారు చెప్పులు వేసుకున్నారు.

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. తెల్లగా ఉప్పు పేరుకున్న ఆ నేలలో పొట్టి గడ్డి తప్ప పైరన్నది రాదు. గొర్రెలు కాసుకునే పదకొండు కుటుంబాలకి మాత్రం అదే అన్నం. దాన్ని చదును చేసి ఇళ్ల స్థలాలు వెయ్యబోతున్నారు. ముప్పై ఏళ్ల కిందట అక్కడ చాలా అరుదైన ఉప్పుమొక్క ఒకటి కనిపించినట్టు పాత రికార్డులో ఒక్క వాక్యం ఉంది. ఆ స్థలం సంగతి తేల్చడానికి వేసిన విచారణ అధికారి మంచివాడే. "అది ఇప్పటికీ ఉందని కాయతో సహా చూపించండి, పని ఆపమని రాస్తాను. శుక్రవారం వస్తా," అన్నాడు. ఆ జాతిలో ఆకులన్నీ ఒక్కలాగే ఉంటాయి, కాయ చూస్తే గానీ ఇది ఫలానా అని చెప్పలేం.

మాకు వండిపెట్టింది గంగులమ్మ. ఆ పదకొండు ఇళ్లలో ఆమెదీ ఒకటి, అరవై గొర్రెలు. పుస్తకంలో ఉన్న నల్లసిరా బొమ్మ చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత అపురూపమైనది మా బీట్లో యాడుంటాది సామీ?" అంది పాపం.

మూడు రోజులు మోకాళ్ల మీద పాకాం. మొక్క లేదు. పైగా మధ్యాహ్నం పప్పు నోట పెట్టలేనంత ఉప్పు! మొదటి రోజు ఓబులేశు మర్యాదగా చెప్పాడు. "నేను ఉప్పెయ్యలేదే," అంది గంగులమ్మ. రెండో రోజు ఇంకాస్త ఎక్కువైంది, వాడు విసుక్కున్నాడు. "వెయ్యలేదంటినే!" మూడో రోజు వాడికి ఒళ్లు మండిపోయింది. ఉప్పు డబ్బా తీసుకుని తన సంచిలో పెట్టుకున్నాడు. నేను పక్కనే ఉండి బాగా చేశావన్నాను, దాచడం దేనికి?

గురువారం మధ్యాహ్నం పప్పు మళ్లీ ఉప్పు. ఓబులేశు కంచం పక్కకి తోసేశాడు. "కొంగులో కట్టి తెచ్చుకున్నావా ఉప్పు? మేము నీకేం అపకారం చేశాం? నీ బీడు నిలబెట్టాలనే కదా ఎండలో చస్తున్నాం!"

గంగులమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగు విప్పి దులిపింది. "నా బిడ్డ మీదొట్టు నాయనా, నేను వెయ్యలేదు. సూడు, ఏముందో సూడు!"

అయ్యవారు చెప్పుల కోసం చూడలేదు. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని అడిగారు.

"సరే గంగులమ్మా, ఉప్పు నువ్వెయ్యలేదు. మరి ఏమేమి వేశావో చెప్పు తల్లీ."

"కందిబేడలు, ఎండుమిరపకాయలు, చింతపండు, బీట్లో ఆకు," అంది ముక్కు తుడుచుకుంటూ. "ఆ ఆక్కి ఉప్పెవురేస్తారు సామీ? ఉప్పు దాంట్లోనే ఉంటాది. మీరు పెద్దోళ్లని దినామూ ఇంగో రెండు గుప్పిళ్లు ఎక్కువే వేస్తి."

ఓబులేశు ముఖం అప్పుడు చూడాలి! ఎంగిలి చేత్తోనే లేచి పరుగు. ఆ ఆకు మేము మూడు రోజులుగా తొక్కుతూ తిరిగిన చోటే ఉంది, గడ్డిలో కలిసిపోయి, గొర్రెలు కొరికేసిన వేలెడు మొక్క. కానీ ఎక్కడా కాయ లేదు. తెల్లారితే అధికారి వస్తాడు. మేము అరుదైన మొక్కని పప్పులో వేసుకుని తినేశామని రాసుకుంటాడు కాబోలు అనుకున్నాను.

"కాయ పట్టిందాన్ని నేను గిల్లను సామీ, నోట్లో ఇసక మాదిరి తగుల్తాది," అంటూ గంగులమ్మ గొర్రెలదొడ్డి వెనక్కి తీసుకుపోయింది. పాత ముళ్లకంచె లోపల, గొర్రె మూతి దూరని చోట, మోకాలెత్తున బూడిదరంగు పొదలు పెరిగి ఉన్నాయి. కొమ్మ కొమ్మకీ కాయలు! రెండు చిన్న రెక్కలు అరచేతుల్లా మూసుకుని, మధ్యన గింజ. అయ్యవారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. అదేనని తల ఊపారు. ఓబులేశు ఎగిరి గంతేసి చొక్కా ముళ్లకి తగిలించుకుని చింపుకున్నాడు.

"ఇదా?" అంది గంగులమ్మ బుగ్గలు నొక్కుకుని. "ఇది ఆకుకూర గదా సామీ!"

శుక్రవారం అధికారి వచ్చి, చూసి, అక్కడే జీపు మీద కాగితం పెట్టి పని ఆపమని రాశాడు. ఓబులేశు గంగులమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "తప్పయిపోయిందమ్మా," అన్నాడు. "పోనీలే నాయనా, ఆకలి మీదుంటివి," అంది ఆమె. ఆ మాటకి వాడు ఇంకా కుంచించుకుపోయాడు.

బస్సెక్కాక కాసేపటికి తేరుకున్నాడు. "అయ్యవారూ, మీరు మొదటి ముద్దలోనే మొక్కని కనిపెట్టేసి, నా ప్రశ్నకి జవాబుగా మమ్మల్ని నాలుగు రోజులు ఆడించారు కదూ?" అన్నాడు.

"లేదప్పా," అన్నారు నంజుండయ్యగారు. "ఆకు నాకూ తెలియలేదు. ఆమె నిజం చెబుతోందేమో అనుకున్నాను, అంతే."