చౌడమ్మ నోట్లో మాట

ఆదోని అవతల కొండ పక్కనున్న ఒక జంగమ మఠంలో మరుళసిద్ధయ్యగారని ఒక స్వామి ఉండేవారు. చెయ్యి చూసి జబ్బు చెప్పడంలో ఆయనంతటివాళ్లు ఆ చుట్టుపక్కల లేరని పేరు. పేరైతే అదీ. తీరా రోగి వచ్చి ఎదురుగా కూర్చుంటే ఆయన చెయ్యి పట్టుకునేది ఆఖర్న. అంతకుముందు ఏం తిన్నావు, నిద్ర పడుతోందా, ఇంకెవరి దగ్గరైనా మందు మింగావా, ఇంట్లో ఏమైనా గొడవా అని సంతలో కలిసిన చుట్టంలా అడుగుతూనే ఉండేవారు. మందు కలిపాక ఇందులో ఫలానాది ఉంది, తాగితే ఇలా ఉంటుంది, తాగుతావా అని మళ్లీ అడిగేవారు.

ఇదంతా చూస్తుంటే శిష్యుడు చెన్నవీరయ్యకు తల కొట్టేసినట్టుండేది.

"స్వామీ, చెయ్యి చూడగానే చెప్పగలిగిన మీరు ఇన్ని ప్రశ్నలు వేస్తే, వీళ్లకేమీ తెలియదనుకోరా జనం?" అన్నాడొకసారి, ఉండబట్టలేక.

స్వామి నవ్వి, నూరుతున్న శొంఠి నూరుకుంటూ ఉండిపోయారు.

కొన్నాళ్లకు పక్క ఊళ్లో ఎవరింట్లోనో పిల్లాడికి లింగం కట్టే లింగధారణ వేడుక ఉందని వెళ్తూ, స్వామి మఠాన్ని శిష్యుడికి అప్పగించారు. చెన్నవీరయ్య ఎదురుచూస్తున్నది దీనికోసమే. వచ్చినవాళ్లను ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని, జబ్బేదో చెప్పి మందిచ్చి పంపించాడు. ఉన్నమాట చెప్పాలి కదా, పొద్దున వచ్చినవాళ్లందరికీ సరిగ్గానే చెప్పాడు. దాంతో మనిషి నేల మీద నిలవలేదు.

అప్పుడొచ్చాడు గానుగ నాగప్ప, కడుపు పట్టుకుని. వెనక భార్య చౌడమ్మ.

ఈ నాగప్పది ఇంకో రకం పిచ్చి. చెయ్యి చూసే వైద్యుడి దగ్గర రోగి నోరు విప్పకూడదని, జబ్బేదో ఆయనే కనిపెట్టాలని, అలా కనిపెడితేనే అసలైన వైద్యుడని అక్కడివాళ్లకొక పట్టింపు ఉంది. దారి పొడుగునా భార్యకు అదే నూరిపోస్తూ వచ్చాడు. వచ్చి చెయ్యి చాపి, గడ్డం పైకెత్తి, చెప్పుకో చూద్దాం అన్నట్టు కూర్చున్నాడు.

"అయ్యా, ఈయన పొద్దున్నే..." అంది చౌడమ్మ.

నాగప్ప ఉరిమి చూశాడు. చెన్నవీరయ్య మూసిన కళ్లు తెరవకుండానే అన్నాడు:

"మాట్లాడకమ్మా. మాట్లాడితే నాడి చెదురుతుంది."

ఇద్దరూ చెరో పక్కనుంచీ నోరు మూయిస్తే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది పాపం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. చెన్నవీరయ్య మలబద్ధకమని తేల్చాడు. విరేచనాలకిచ్చే తెగడ వేరు కషాయం గట్టిగా కాచి తెచ్చాడు. అదేమిటో అతను చెప్పలేదు. అడిగితే తన పంతం పోతుందని నాగప్పా అడగలేదు. గటగటా తాగేశాడు. మఠం దాటాక చౌడమ్మ వెనక్కెళ్లి చెప్పేసి వద్దామని బతిమాలింది. నోరు మూసుకుని నడవమన్నాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి అతన్ని మంచం మీద మోసుకొచ్చారు.

కళ్లు గుంటలు పడ్డాయి. పెదాలు ఎండి పగిలాయి. కాళ్లూ చేతులూ చల్లబడుతున్నాయి. చెన్నవీరయ్య పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నాడి అందలేదు. వేళ్లు జరిపి మళ్లీ నొక్కాడు. అక్కడా అందలేదు. నిన్న తను కళ్లు మూసుకుని పట్టుకుని జబ్బు తేల్చేసిన చెయ్యే అది.

అప్పుడే ఊరినుంచి తిరిగొచ్చిన స్వామి శిష్యుడి వంక చూడనైనా లేదు. చౌడమ్మ ముందు గొంతుక్కూర్చున్నారు.

"ఏం జరిగిందో చెప్పు తల్లీ."

ఆవిడ ఏడుస్తూనే, శిష్యుడు తన నోరు మూయించిన మాటతో సహా ఒక్క గుక్కలో చెప్పేసింది. కిందటి రోజు మఠానికి బయల్దేరే ముందే నాగప్ప సంతలో కొన్న నేపాళం గుళికలు మింగాడట. అదీ విరేచనాల మందే, పైగా మహా మొరటు మందు. అది పని మొదలెట్టేలోపే దాని మీద ఈ కషాయం పడింది. ఇక ఒంట్లో నీళ్లేం మిగులుతాయి? వింటున్న చెన్నవీరయ్య వెనక్కెళ్లి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఉప్పు కలిపిన పల్చటి గంజి కొంచెం కొంచెంగా పోస్తూ స్వామి ఆ పగలంతా మంచం దగ్గరే కూర్చున్నారు. పొద్దు వాలేవేళకు నాగప్ప కళ్లు తెరిచాడు. చెన్నవీరయ్య మాత్రం గోడ దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు, పెడితే తినలేదు. చౌడమ్మ మొగుడికి కాచిన గంజిలోనే కాస్త తెచ్చి అతని పక్కన పెట్టింది. అది అక్కడే తొరక కట్టింది.

ఆ మర్నాడు పొద్దున నాగప్ప లేచి కూర్చున్నాడు. ప్రాణం అలా ఒంట్లోకి వచ్చిందో లేదో, "మీ శిష్యుడు కనిపెట్టలేకపోయాడు స్వామీ" అన్నాడు. పందెం గెలిచినవాడిలా అన్నాడు మహానుభావుడు. చౌడమ్మ నిర్ఘాంతపోయి అతని మొహంలోకి చూసింది.

"నిజమే నాగప్పా, నువ్వే గెలిచావు," అన్నారు స్వామి. "ఇంకాస్త ఆలస్యమైతే ఆ సంగతి చెప్పుకోవడానికి నువ్వుండేవాడివి కాదు, అంతే."

స్వామి శిష్యుణ్ని పిలిచి, రోగులు కూర్చునే చాప మీద కూర్చోమన్నారు. గిన్నెలో కషాయం తెచ్చి చేతికిచ్చి, తాగమన్నారు. వాసన తగలగానే చెన్నవీరయ్యకు తెలిసిపోయింది. తెగడ వేరు. తను కాచినంత చిక్కగానూ ఉంది. తిండీ నీళ్లూ లేని ఒంట్లో అది ఏం చేస్తుందో అతనికి తెలుసు.

"స్వామీ, నేను..."

స్వామి అతని మణికట్టు పట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"మాట్లాడకు. మాట్లాడితే నాడి చెదురుతుంది."

ఆ మాట ఎవరిదో అతనికి ఒకరు చెప్పాలా? మరి నోరెత్తలేదు. తనకిలా కావలసిందే అనుకున్నాడో ఏమో, గిన్నె పెదాల దాకా తెచ్చుకున్నాడు. నాగప్ప గుడ్లప్పగించి చూస్తున్నాడు.

మొన్న మొగుడు తాగిన కషాయం వాసనే అదని పసిగట్టిన చౌడమ్మ ఒక్క ఉదుటున లేచి ఆ గిన్నె లాగేసుకుంది. సగం కషాయం ఆవిడ చీర మీద ఒలికిపోయింది.

"నిన్నటినుంచీ ఈ పిల్లాడు పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు స్వామీ! తిన్నావా లేదా అని అడగరేం? ప్రాణం పోతుంది!"

స్వామి ఎదుట అలా గొంతెత్తినవాళ్లు ఇంతవరకూ లేరు. ఆవిడకూ ఆ సంగతి అప్పుడే తెలిసొచ్చింది. అయినా గిన్నె మాత్రం వదల్లేదు.

స్వామి కళ్లు తెరిచారు. ఆవిడ చేతిలోంచి మెల్లగా గిన్నె తీసుకుని, బయటికెళ్లి మిగిలిన కషాయం పారబోసి వచ్చారు. గంజి గిన్నె తెచ్చి శిష్యుడి ముందు పెట్టారు.

"ఈ తల్లి మొన్న కూడా నోట్లో మాటతో ఇక్కడే కూర్చుని ఉంది నాయనా," అన్నారు.