రెండు పిన్నుల సీడీ

మూడు రోజులుగా ఫణీంద్రకు ఒక పాత కంప్యూటర్ లొంగడం లేదు. అన్నీ పనిచేస్తున్నాయి, శబ్దం మాత్రం రావడం లేదు. సౌండ్ కార్డును పలికించే ప్రోగ్రాంను డ్రైవర్ అంటారు. ఏ డ్రైవర్ వేసినా తెర మీద ఒక పసుపు గుర్తు వచ్చి కూర్చుంటోంది.

అతను చీరాలలో దేవదానం మాస్టారి షాపులో రిపేరు పని నేర్చుకుంటున్నాడు. పనిమంతుడే. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు. మాస్టారికి అతనంటే ప్రాణం, పైకి చెప్పరు.

నెట్‌లో వెతికి పదకొండు డ్రైవర్లు వేశాడు. పన్నెండోది దొరక్క, తప్పు కంప్యూటర్‌దేనని తేల్చేశాడు.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. ఏం బాగుచేశారో చీటీ మీద రాసి, కంప్యూటర్ మూతకు లోపలివైపు అంటించాలి. రేపు ఎవరు విప్పినా తెలియాలని. ఫణీంద్ర రాశాడు: ‘విండోస్ కొత్తగా వేశాను. అంతా బాగుంది. సౌండ్ ఒక్కటే రాదు.’

శనివారం పొద్దున మనోరమ గారు వచ్చారు. జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతారు. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. పన్నెండేళ్ళ నోట్సు ఆ కంప్యూటర్‌లోనే ఉంది. అది చదువుతుంటే విని పాఠం సిద్ధం చేసుకుంటారు. సోమవారం నుంచి క్లాసులు.

“మీ నోట్సు భద్రంగా ఉంది మేడమ్,” అన్నాడు ఫణీంద్ర. “స్పీడు పెరిగింది. చదివే ప్రోగ్రాం కూడా మళ్ళీ వేశాను. చదువుతూనే ఉంటుంది, వినపడదంతే. పాత కార్డు కదా, డ్రైవర్ దొరకడం లేదు. తెర కూడా శుభ్రంగా తుడిచాను.”

“బాగా మెరుస్తోందా బాబూ?” అన్నారామె.

“అద్దంలా ఉంది మేడమ్.”

ఆమె నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. “సోమవారం ఏం చెప్పాలో మరి,” అని మెల్లగా అనుకున్నారు.

మూలన టంకం పెడుతున్న మాస్టారు లేచి వచ్చారు. గోడకు ఆనించిన మూత తిప్పి చీటీ చదివారు. తర్వాత మానిటర్ తీగ పీకి, చుట్టి, భుజాన వేసుకున్నారు.

“ఇప్పుడు చెయ్యి ఫణీ.”

“తెర లేకుండా ఎలా మాస్టారూ?”

“అంతా బాగుందని రాశావుగా.”

మాస్టారు వెళ్ళి మళ్ళీ టంకానికి కూర్చున్నారు.

ఫణీంద్ర నల్లటి తెర ముందు కూర్చున్నాడు. ఒకటి రెండు మీటలు నొక్కాడు. ఏం జరిగిందో తెలియలేదు. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది. చూడటానికింకేమీ లేక, పక్క కుర్చీలో ఉన్న మనోరమ గారి వైపు తిరిగాడు.

“మేడమ్, ఈ సౌండ్ కార్డు ఎప్పుడు వేయించారు?”

మూడు రోజుల్లో అతను ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అది.

“ఆరేళ్ళయింది. ముందుది పాడైతే ఇది వేశారు. దాంతో వచ్చిన సీడీ నా దగ్గరే ఉంది.” ఆమె సంచిలోంచి సీడీల కట్ట తీసి, కవర్ల అంచులు వేలితో తడిమారు. “ఒక స్టేప్లర్ పిన్ను కొట్టింది ప్రింటర్‌ది. రెండు పిన్నులది సౌండ్‌ది. ఇదిగో.”

“మొన్న కూడా ఇది తెచ్చారా మేడమ్?”

“తెచ్చాను. నువ్వు అడగలేదు. నేను చెబుదామంటే నీ టైపింగు ఆగితేగా బాబూ.”

మాస్టారు వచ్చి మానిటర్ తీగ అతని ఒళ్ళో పెట్టి వెళ్ళారు.

వేసిన పదకొండూ ఒక్కొక్కటిగా తీసేశాడు ఫణీంద్ర. ఆమె ఇచ్చిన సీడీ పెట్టాడు. కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలైంది. నోట్సు తెరవగానే స్పీకర్లు చిన్నగా గురకపెట్టి, ‘శాతవాహనులు, మూడవ పాఠం’ అన్నాయి.

మనోరమ గారి చేతులు కీబోర్డు మీదికి వెళ్ళాయి. “మరీ నత్తనడక,” అంటూ వేగం పెంచారు. ఆ గొంతు ఎంత జోరందుకుందంటే ఫణీంద్రకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆమె మాత్రం మధ్యమధ్య తలాడిస్తూ వింటున్నారు. ఆ ముఖం చూస్తే అతనికి ప్రాణం లేచొచ్చింది.

మూత తీసుకుని పాత చీటీ గోటితో గీకేశాడు. కొత్తది రాసి అంటించాడు.

“ఏం రాశావు? పైకి చదువు,” అన్నారు మాస్టారు.

“మూడు రోజులు ఏదీ పనిచేయలేదు. మేడమ్‌ను అడిగాక పనిచేసింది.”

మాస్టారు స్క్రూడ్రైవర్ అందించారు. “ఇక మూత బిగించు.”